కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు

కుర్చీ చేతులు పట్టుకోకుండా లేవండి,
నేల మీద ఆ పసుపు టేపు దాకా నడవండి,
తిరిగొచ్చి కూర్చోండి.
రోజుకి పదిసార్లు అంటాను ఈ మాట,
టాలిన్ ఆసుపత్రి నాలుగో అంతస్తులో.
స్టాప్‌వాచ్ నా చేతిలో ఉంటుంది.

హెల్వి కడరిక్‌కి పదకొండు సెకన్లు పట్టింది.
ఎనభై రెండేళ్ళు. హాప్సలు నుంచి పొద్దుటి బస్సులో
ఒంటరిగా వచ్చింది, ఒళ్ళో నూలు సంచీతో.
"మరీ తొందరపడ్డానా?" అంది.

పెద్దపేగులో గడ్డ. మార్చిలో కోసి తీసేశారు.
పక్క గ్రంథులు రెండింట్లో దాని ఆనవాళ్ళు.
ఫైలు మీద ఎవరో ఆమె వయసు చుట్టూ
ఎర్రసిరాతో సున్నా చుట్టారు,
అదే జబ్బు పేరైనట్టు.

మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నాను:
పడవ, చెంచా, మంచు.
వందలోంచి ఏడేడు తీసేయమంటే
రెండు దాకా దిగి
"ఇంక తీయడానికేం లేదు" అంది.
రోజుకి ఎన్ని మాత్రలు? తొమ్మిది.
కింద పడ్డారా? "ఒక్కసారి. తప్పు మెట్లది."
బరువు? ఆరు కిలోలు తగ్గింది,
ఉంగరం వేలికి నిలవక
దారానికి గుచ్చి మెడలో వేసుకుంది.
రాత్రి జ్వరమొస్తే ఎవర్ని పిలుస్తారు?
దీనికి మాత్రం కాసేపు ఆలోచించింది.
"ఎదురింటి ఉర్వెని. ఆవిడకి చెవుడు."

పొగ తాగలేదు, ఇప్పుడెందుకొచ్చింది అని అడిగింది.
కణం, నకలు, పొరపాటు అంటూ
నేను నోరు తెరిచేలోపే
సంచీలోంచి సగం శాలువా తీసి పరిచింది.
మల్లెపొర లాంటి అల్లిక.
"ఇరవయ్యో ఏట కుట్టు తప్పితే వేలికే తెలిసేది,
అక్కడికక్కడే విప్పేదాన్ని.
ఇప్పుడు నాలుగు వరసలు దాటాక కనబడుతుంది.
ఒక్కోసారి కనబడదు.
అలాంటిదేనా?"

అలాంటిదేనండీ.
చెయ్యి చెడిపోయిందని కాదు,
వరసలు ఎక్కువయ్యాయి.
తప్పు పట్టే కన్ను కూడా
ఆ చేతి ఈడుదే.

డాక్టర్ పిల్లె రెండు మందుల గురించి చెప్పింది.
ఒకటి మాత్రలు. రెండోది సెలైన్‌లో ఎక్కించేది,
దానివల్ల వేళ్ళ కొసలు మొద్దుబారవచ్చు,
తర్వాత తగ్గవచ్చు, తగ్గకపోనూవచ్చు.
హెల్వి వేళ్ళు ఒళ్ళో కదలడం మానేశాయి.
"ఈ రెండోదాన్ని ఎవరి మీద పరీక్షించారు?
అందులో నా ఈడువాళ్ళు ఎందరు?"
డాక్టర్ దాచలేదు. "చాలా కొద్దిమంది."
"అయితే నా కొలతలు తీసుకోకుండానే
నాకు చొక్కా కుట్టారన్నమాట."

నిరుడు ఆర్వో అని ఒకాయన.
డెబ్బై ఒకటే కదా అని పూర్తి మోతాదు ఇచ్చారు.
పసుపు టేపు దాకా వెళ్ళి రావడానికి
ఇరవై రెండు సెకన్లు పట్టిన మనిషి.
నేను రాశాను ఆ అంకె. ఎవరూ చూడలేదు.
గట్టిగా చెప్పనూ లేదు నేను.
రెండో విడత తర్వాత ఆయన మళ్ళీ లేవలేదు.
అదే వారం ఎనభై నాలుగేళ్ళ ఆవిడ ఒకరు
అంతే మోతాదు మింగి
పుట్టగొడుగులు ఏరుకోవడానికి అడవికెళ్ళింది.
ఏ అంకెను నమ్మాలో
నాకిప్పటికీ పూర్తిగా తెలియదు.

చివరికి మాత్రలే అన్నారు,
అవీ ఆమె మూత్రపిండాలు మోయగలిగినంతే.
నిద్రమాత్రలు రెండు మాన్పించారు.
జ్వరమొస్తే నేరుగా వార్డుకే ఫోన్.
గడ్డ మళ్ళీ రావచ్చు, ఆ మాట కూడా అనుకున్నారు,
టీ చల్లారుతోంది అన్నంత మామూలుగా.
మూడు మాటలూ అడిగాను వెళ్ళేముందు.
పడవ. చెంచా.
మూడోది రాలేదు.
మూడుకి రెండు అని రాసుకున్నాను.

మూడు వారాలకి మళ్ళీ వచ్చింది.
అరచేతులు ఎర్రగా కందిపోయాయి,
సన్ననూలు మాత్రం వేళ్ళకి తెలుస్తోందట.
తలుపు దగ్గరే నిలబడి అంది:
"మంచు. ఆ రోజే బస్సులో గుర్తొచ్చింది. రాసుకో."

ఆ కాగితం మీద అలాంటి గడి లేదు.
ఎర్రసున్నా పక్కన అంచులో రాశాను.
ఇక లేవండి, అన్నాను,
ఆ టేపు దాకా.